అద్దాల తొట్టిలో నీళ్ళు: ఏ వడపోత ఎవరికి?



ఈ పూట నేను వరి గురించి గాని, మిరప గురించి గాని చెప్పబోవడం లేదు. ఇంట్లో అద్దాల తొట్టిలో పెంచుకునే రంగుచేపలను గురించి, అందులోనూ ముఖ్యంగా ఆ తొట్టి నీటిని శుభ్రం చేసే వడపోత సాధనాన్ని గురించి చెప్పబోతున్నాను. "వ్యవసాయ విస్తరణాధికారికి రంగుచేపలతో పనేమిటి?" అని మీరడగవచ్చు. అడగవలసిన మాటే.

పని రెండు విధాలుగా ఉన్నది. మొదటిది, ఈ రంగుచేపలు ఇప్పుడు పట్నవాసుల ముచ్చట మాత్రమే కాదు. పెరట్లో నాలుగు సిమెంటు తొట్లు కట్టుకుని గప్పీలు, మోలీలు పెంచి, దుకాణాలకు అమ్ముకునే ఆడవారు పల్లెల్లోనూ ఉన్నారు. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల పెంపకాన్ని కూడా చేర్చారు. రెండవది నా సొంత సంగతి. తెలిసీ తెలియక నేనిచ్చిన ఒక సలహావల్ల ఒక ఇంట్లో నష్టం జరిగింది. అది మరొక ఇంట్లో జరగకూడదని ఈ ప్రసంగం.

మూడేళ్ళ క్రితం మాట. కాలువగట్టు పక్కనున్న ఒక ఊళ్ళో ఒక అక్కగారు బట్టలు కుడుతూ, తీరిక వేళల్లో మోలీ చేపలు పెంచేవారు. పెరట్లోని తొట్లలోంచి మంచి రంగు, మంచి తోక ఉన్నవాటిని ఏరి, అమ్మకానికని నడవలో ఒక అద్దాల తొట్టిలో ఉంచేవారు. తొట్టి పొడవు మూడడుగులు, వెడల్పూ లోతూ అడుగుంబావు. అందులో నలభై చేపలున్నాయి. నేను పొలాల మీంచి వస్తూ వారింట మంచినీళ్ళకు ఆగినప్పుడు ఆ తొట్టి చూశాను. ఫిల్టరులోని స్పాంజి నల్లగా, జిగురుగా ఉంది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "ఇంత మురికి ఉంటే ఎట్లాగండీ? స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండండి, అడుగునున్న గులకరాళ్ళు కూడా తీసి బాగా కడగండి" అని చెప్పి వచ్చేశాను. ఆఫీసరు చెప్పాడు గదా అని ఆవిడ అట్లాగే చేశారు. ఆ ఉదయమే పంచాయతీ ఓవర్‌హెడ్ ట్యాంకులో బ్లీచింగు పౌడరు కలిపి ఉన్నారు.

నాలుగవ రోజున ఫోను వచ్చింది. "సారూ, నీళ్ళు అద్దంలా ఉన్నాయండి. చేపలు మాత్రం పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయండి" అన్నారు. నేను వెళ్ళేసరికి నలభైలో పదకొండు మిగిలాయి. ఆ చేపల డబ్బుతో కుట్టుమిషనుకు మోటారు పెట్టించుకోవాలని ఆవిడ అనుకున్నారు. అయినా నన్నొక్క మాట అనలేదు. "మురికి కడిగితే ఎందుకు చచ్చిపోయాయండీ?" అని మాత్రం అడిగారు. ఆ రోజున నా దగ్గర జవాబు లేదు. తరవాత చెరువుల నీళ్ళు పరీక్ష చేసేవారిని అడిగి, పుస్తకాలు చూసి, నేనూ ఒక తొట్టి పెట్టుకుని తెలుసుకున్నాను. ఆ జవాబే మీకిప్పుడు చెబుతున్నాను.

మొట్టమొదట ఒక మాట మనసులో పెట్టుకోండి. తేట నీరు వేరు, మంచి నీరు వేరు. మన పెద్దలు కాలువ నీళ్ళు తెచ్చి, కుండలో చిల్లగింజ అరగదీసి కలిపేవారు. మట్టి అడుక్కి దిగి నీరు తేటపడేది. ఆ తేటనీటిలో కంటికి కనిపించనిది ఏమున్నదో చిల్లగింజ చెప్పదు. అద్దాల తొట్టి సంగతీ అంతే. కంటికి కనిపించే నలుసు చేపను అంతగా బాధించదు. చేపను చంపేది కంటికి కనిపించని అమ్మోనియా.

ఈ అమ్మోనియా ఎక్కడినుంచి వస్తుంది? మీరు వేసే మేతలోంచే వస్తుంది. మేతలో మాంసకృత్తులున్నాయి, మాంసకృత్తుల్లో నత్రజని ఉంది. చేప తిన్నదానిలో ఒంటికి పట్టినది పోగా మిగిలిన నత్రజనిని చాలావరకు మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో నీళ్ళలోకే వదులుతుంది. తినకుండా కుళ్ళిన మేతా అమ్మోనియాయే అవుతుంది. ఒక చిన్న లెక్క చూడండి. 35 శాతం మాంసకృత్తులున్న మేత రోజుకు 5 గ్రాములు వేశామనుకోండి. అందులో నత్రజని సుమారు 280 మిల్లీగ్రాములు. అందులో సగమే అమ్మోనియాగా మారినా 140 మిల్లీగ్రాములు. ఆ అక్కగారి తొట్టిలో పట్టేది 130 లీటర్లు. అంటే రోజూ లీటరుకు ఒక మిల్లీగ్రాముకు పైగా చేరుతుందన్నమాట. నాలుగు రోజులకు నాలుగు మిల్లీగ్రాములు. రోజులు కూడా సరిగ్గా సరిపోయాయి చూడండి.

మరి అంతకుముందు నెలల తరబడి ఆ చేపలెట్లా బతికాయి? ఈ ప్రశ్నకు జవాబు మీ పొలంలోనే ఉంది. మీరు వేసిన యూరియా నేలలో అమ్మోనియాగా మారుతుంది. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని మొదట నైట్రైటుగానూ, ఆపైన నైట్రేటుగానూ మారుస్తాయి. మెట్టపైరు ఎక్కువగా తీసుకునేది ఆ నైట్రేటునే. ఈ మార్పు సూక్ష్మజీవుల పని అని రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వాటిని వేరుచేసి చూపించాడు. అవే తెగల సూక్ష్మజీవులు అద్దాల తొట్టిలోనూ చేరి, స్పాంజి మీద, గులకరాళ్ళ మీద, అద్దం మీద జిగురు పొరలా కాపురముంటాయి. అమ్మోనియా చేపకు విషం. నైట్రైటూ విషమే, అది నెత్తురు గోధుమరంగుకు తిరిగేట్టు చేసి ప్రాణవాయువును అందనివ్వదు. నైట్రేటు మాత్రం కొంత పేరుకున్నా చేప తట్టుకుంటుంది. అంటే ఆ నల్లటి జిగురే ఆ నలభై చేపల ప్రాణాన్ని కాపాడుతూ వచ్చింది. నేను దాన్ని మురికి అనుకున్నాను. కుళాయి నీళ్ళలోని క్లోరిను ఆ సూక్ష్మజీవులను చంపింది, పిండడంతో మిగిలినవి కొట్టుకుపోయాయి, గులకరాళ్ళు కడగడంతో అక్కడివీ పోయాయి. తొట్టి తళతళలాడింది, చేపలు చచ్చిపోయాయి.

ఇంకొక సంగతి. నీటికి క్షారగుణం పెరిగినకొద్దీ అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. 25 డిగ్రీల వేడిలో నీటి పి.హెచ్. 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి అరపాలు మాత్రమే. పి.హెచ్. 8 అయితే నూటికి అయిదు పాళ్ళు, 9 అయితే ముప్ఫయ్యారు పాళ్ళు. మన బోరు నీళ్ళు చాలాచోట్ల క్షారగుణం కలవి. అంచేత మనబోటివారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు వడపోత సాధనం అంటే ఏమిటో తేలికగా బోధపడుతుంది. అది చేసే పనులు మూడు. ఒకటి, నలుసులను పట్టడం. రెండు, సూక్ష్మజీవులకు ఇల్లు ఇచ్చి, వాటికి నీటినీ ప్రాణవాయువునూ అందించడం. మూడు, బొగ్గు వంటి వస్తువులతో రంగు, వాసన, మందుల శేషం పీల్చడం. ఈ మూడింటిలో రెండవది ప్రధానం. దుకాణంలో ఏ ఫిల్టరు చూపించినా "ఇందులో సూక్ష్మజీవులకు ఎంత చోటున్నది? వాటికి గాలి బాగా అందుతుందా?" అన్నవే మీరు అడగవలసిన ప్రశ్నలు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి ఆ జీవులకు నాలుగున్నర గ్రాముల ప్రాణవాయువు కావాలి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ పడుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మాత్రమే పట్టుకుంటుంది. మన వేసవిలో గాలి అందించే ఫిల్టరుకు అంత విలువ ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

కొనబోయే ముందు మీ తొట్టిలో ఎన్ని నీళ్ళు పడతాయో లెక్క కట్టండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ హెచ్చించి, వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉంటే 54 లీటర్లు. అడుగుల్లో కొలిస్తే ఒక ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిలుకు. ఫిల్టరు గంటకు తొట్టి నీటిని నాలుగైదుసార్లు తిప్పితే మామూలు చేపలకు చాలు. 54 లీటర్లకు అయిదుసార్లంటే గంటకు 270 లీటర్లు. డబ్బా మీద అచ్చువేసిన అంకె లోపల స్పాంజి లేకుండా, నీటిని పైకెత్తకుండా కట్టిన లెక్క కావచ్చు. కాబట్టి కొంచెం ఎక్కువ చూసి, 350 దాకా ఉన్నది తీసుకోవడం మంచిది.

ఇక రకాల్లోకి వద్దాం.

మొదటిది స్పాంజి ఫిల్టరు. ఇది అన్నిటికన్నా చవక. స్పాంజి మధ్యలో ఒక గొట్టం, ఆ గొట్టంలోకి గాలి పంపు నుంచి ఒక సన్నని ట్యూబు. బుడగలు పైకి పోతూ తమతోపాటు నీటిని లాక్కుపోతాయి, ఆ ఖాళీని పూరించడానికి చుట్టూ ఉన్న నీరు స్పాంజిలోంచి లోపలికి వస్తుంది. కంప్రెసరుతో బోరునీళ్ళు పైకి తెచ్చే పద్ధతి చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. లాగుడు మెత్తగా ఉంటుంది కాబట్టి పిల్లచేపలు ఇరుక్కోవు. ఫైటరు వంటి నిదానపు చేపకు ఇబ్బంది ఉండదు. ఒక పెద్ద గాలి పంపుతో అయిదారు తొట్లకు గాలి ఇవ్వవచ్చు. 5 వాట్ల గాలి పంపు రాత్రింబగళ్ళు ఆడినా నెలకు నాలుగు యూనిట్లు కాదు. దీనికున్న లోపమల్లా, తొట్టిలో కొంత చోటు తింటుంది, సన్నని నలుసును పూర్తిగా పట్టలేదు, గాలి చప్పుడు ఉంటుంది.

రెండవది గులకరాళ్ళ కింద పరిచే పళ్ళెం. నీరు రాళ్ళలోంచి కిందికి దిగి, మూలనున్న గొట్టంలోంచి పైకి వస్తుంది. రాళ్ళన్నీ సూక్ష్మజీవులకు ఇళ్ళే. చవకే గాని, రాళ్ళ సందుల్లో పెంట పేరుకుంటే నీటిదారి మూసుకుపోతుంది. వారంవారం సైఫను ట్యూబుతో రాళ్ళలోని మురికి లాగే ఓపిక ఉన్నవారికే ఇది తగును.

మూడవది నీళ్ళలో ముంచి అద్దానికి అంటించే మోటారు ఫిల్టరు. దుకాణాల్లో ఎక్కువగా చూపించేది ఇదే. చిన్న మోటారు, దాని కింద డబ్బాలో స్పాంజి. నీటిని బాగా తిప్పుతుంది, నలుసు బాగా పడుతుంది. కొన్నిట్లో స్పాంజి గుప్పెడే ఉంటుంది. అంటే మోటారు పెద్దది, ఇల్లు చిన్నది. స్పాంజి పెద్దదిగా ఉన్నదాన్నే ఎంచుకోండి. పిల్లచేపలున్న తొట్టిలో దీన్ని పెట్టవద్దు.

నాలుగవది తొట్టి అంచుకు తగిలించేది. నీటిని పైకి తోడి, పక్కనున్న పెట్టెలోని స్పాంజి మీదుగా జలపాతంలా తిరిగి తొట్టిలోకి వదులుతుంది. శుభ్రం చేయడం తేలిక, చేయి నీళ్ళలో పెట్టనక్కరలేదు. నీరు కిందికి పడుతున్నప్పుడు గాలి కూడా కలుస్తుంది.

అయిదవది తొట్టి పైన పెట్టే ట్రే ఫిల్టరు, టాప్ ఫిల్టరు అంటారు. మోటారు నీటిని పైకి పంపితే, అది స్పాంజి, రాళ్ళు ఉన్న ట్రేలోంచి బొట్లుబొట్లుగా కిందికి దిగుతుంది. గాలి చాలా బాగా అందుతుంది. చేతిపని తెలిసినవారు చిన్న మోటారు, ఒక ప్లాస్టిక్ పెట్టె, ఇటుక ముక్కలు, గిన్నెలు తోమే నైలాను పీచుతో దీన్ని ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. పీచు కొత్తది కావాలి, సబ్బు అంటనిది కావాలి. ఉక్కు పీచు పనికిరాదు.

ఆరవది బయట పెట్టే డబ్బా ఫిల్టరు. మూత బిగించిన డబ్బాలోకి గొట్టం ద్వారా నీరు వెళ్ళి, పొరలు పొరలుగా వడకట్టుకుని తిరిగి వస్తుంది. నాలుగడుగులూ అంతకు పైబడిన తొట్లకు ఇది మంచిది. ఖరీదు ఎక్కువ. పైగా దీనికి ఒక పెద్ద ప్రమాదం ఉంది. కరెంటు పోతే మూసిన డబ్బాలో ప్రాణవాయువు త్వరలోనే అయిపోతుంది. గంటల తరబడి కరెంటు లేకపోతే లోపలి జీవులు చచ్చి, నీరు కుళ్ళుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్ళునీరంతా ఒక్కసారి తొట్టిలోకి వస్తుంది. అటువంటప్పుడు డబ్బాలోని నీరు పారబోసి, స్పాంజిని తొట్టి నీళ్ళతో తొలిచి, ఆ తరవాతే మోటారు వెయ్యాలి. కరెంటు నిలకడగా లేని ఊళ్ళలో ఈ ఫిల్టరు కొనేముందు రెండుసార్లు ఆలోచించండి. కొన్నా, తోడుగా బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి ఉంచుకోండి. స్పాంజి ఫిల్టరైతే తొట్టి నీళ్ళలోనే ఉంటుంది గనుక అంత త్వరగా చెడదు. కరెంటు లేనంతసేపు మేత వేయకండి. చెంబుతో నీటిని తీసి జానెడెత్తు నుంచి మళ్ళీ పోస్తూ ఉంటే కొంత గాలి కలుస్తుంది.

ఇవి కాక, దుకాణంలో వడపోత పేరుతో మరికొన్ని అంటగడతారు. వాటి సంగతీ చెబుతాను. బొగ్గు సంచీ పసుపురంగు, వాసన, మందుల శేషం తీస్తుంది గాని అమ్మోనియాను తీయదు. కొన్ని వారాలకు దాని శక్తి అయిపోతుంది. అతినీలలోహిత దీపం పచ్చనీటికి మంచి మందు, తన ముందునుంచి పోయే నాచుకణాలను, రోగక్రిములను చంపుతుంది. అయితే అమ్మోనియా జోలికి పోదు. జియోలైటు రాయి అమ్మోనియాను నిజంగానే పీలుస్తుంది. చెరువులు చేసేవారికి ఇది తెలిసిందే. కాని ఆ తొట్టిలో ఉప్పు వేశారో, పీల్చిన అమ్మోనియాను తిరిగి కక్కుతుంది సుమా. మోలీలకని ఉప్పు వేసేవారు ఈ మాట మరవకూడదు.

ఇంకొకటి ఉంది. "ఈ సక్కరు చేపను వెయ్యండి, తొట్టి అంతా అదే శుభ్రం చేస్తుంది" అంటారు. నమ్మకండి. అది అద్దం మీది నాచు తింటుంది, తిన్నదానికి తగ్గ పెంట వేస్తుంది. నీటికి మలినం పెరిగేదే గాని తగ్గదు. చిన్నప్పుడు వేలెడు ఉన్నది పెరిగి అడుగు దాటుతుంది. అప్పుడు జనం దాన్ని కాలువలోనో చెరువులోనో వదిలేస్తారు. మన చెరువుల్లో వలలు చింపి, మంచి చేపల మేత తిని, దెయ్యం చేప అని రైతుల చేత తిట్లు తింటున్నది ఈ జాతే. తొట్టి చేపను ఏదైనా సరే, కాలువలో వదలడం తోటి రైతుకు ద్రోహం చేయడమే.

ఇప్పుడు చాలా ఇళ్ళలో ఆర్.ఓ. యంత్రాలున్నాయి, లేకపోతే క్యాను నీళ్ళు కొంటున్నారు. "మనుషులం తాగే శుద్ధజలం చేపలకు పోస్తే ఇంకా మంచిది గదా" అని అడుగుతారు. మంచిది కాదు. ఆర్.ఓ. యంత్రం నీటిలోని లవణాలను చాలావరకు తీసేస్తుంది. చేపకూ ఆ లవణాలు కొన్ని కావాలి. సూక్ష్మజీవులకు మరీ కావాలి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చేటప్పుడు అవి సుమారు ఏడు గ్రాముల సున్నపురాతికి సమానమైన క్షారతను ఖర్చు చేస్తాయి. నీటిలో అది లేకపోతే పి.హెచ్. దిగజారి వాటి పని ఆగిపోతుంది. మోలీ, గప్పీ వంటివి కొంచెం కఠినజలాన్నే ఇష్టపడతాయి. మీ బోరునీరు మరీ ఉప్పగా, గిన్నెలకు తెల్లటి పొర కట్టేట్టుగా ఉంటే, అందులో కొంత ఆర్.ఓ. నీరు కలుపుకోండి. ఉత్త ఆర్.ఓ. నీరు మాత్రం పోయకండి.

కుళాయి నీళ్ళయితే క్లోరిను పోగొట్టాలి. వెడల్పు మూతి ఉన్న తొట్టిలో పట్టి, అప్పుడప్పుడు కలియబెడుతూ ఒక రోజంతా ఆరుబయట ఉంచితే మామూలు క్లోరిను పోతుంది. అంత వ్యవధి లేకపోతే, వెనకటి రోజుల్లో ఫోటోలు కడిగేవారు వాడిన హైపో, అనగా సోడియం థయోసల్ఫేటు, పనికొస్తుంది. క్లోరినుకు ఏడు రెట్లు తూకం చాలు. లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిను ఉన్న 100 లీటర్ల నీటికి 700 మిల్లీగ్రాములన్నమాట.

కొత్త తొట్టి పెట్టేవారికి ఒక హెచ్చరిక. ఫిల్టరు బిగించిన రోజున అది ఉత్త యంత్రం మాత్రమే. అందులో జీవులు చేరి పని మొదలుపెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నారుమడి పోయకుండానే నాట్లు వేస్తామా? ఇదీ అంతే. మొదట రెండు మూడు గట్టి చేపలను మాత్రం వేసి, మేత కొద్దికొద్దిగా వేస్తూ, మధ్యమధ్య నీరు మారుస్తూ రోజులు గడపండి. తెలిసినవారి తొట్టిలో ఆరోగ్యంగా నడుస్తున్న పాత స్పాంజి ముక్క దొరికితే, తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టరులో పెట్టుకోండి. పెరుగుకు తోడు వేసినట్టు పని త్వరపడుతుంది. అమ్మోనియా, నైట్రైటు పరీక్షించే చిన్న పెట్టెలు దొరుకుతాయి. రెండూ సున్నాకు దిగినాకనే మిగిలిన చేపలు వేయండి.

నిర్వహణలో ఇవి పాటించండి. స్పాంజిని కుళాయి కింద కడగవద్దు. తొట్టిలోంచే ఒక బకెట్టు నీళ్ళు తీసి, అందులో రెండు మూడుసార్లు మెత్తగా పిండి మళ్ళీ పెట్టండి. నీరు బాగా పారుతూ ఉన్నంతకాలం స్పాంజి నల్లగా ఉన్నా దిగులు పడకండి. స్పాంజి, రాళ్ళు ఒకే రోజు కడగవద్దు, ఒక వారం ఒకటి, మరొక వారం ఇంకొకటి. రెండు స్పాంజీలుంటే ఇంకా మేలు. వారానికొకసారి తొట్టి నీటిలో నాలుగోవంతు తీసి, క్లోరిను లేని నీరు పోయండి. పేరుకున్న నైట్రేటును ఫిల్టరు తీయదు, మనమే తీయాలి. మేత రెండు మూడు నిమిషాల్లో తినేసినంతే వేయండి. ఎంత మంచి ఫిల్టరయినా అతిమేతకు సాటిరాదు.

కరెంటు విషయంలో ఏమరుపాటు పనికిరాదు. గాలి పంపును నీటిమట్టానికి పైన పెట్టండి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీరు ట్యూబులోంచి వెనక్కి వచ్చి పంపులోకి దిగుతుంది. తప్పనిసరైతే, బోరు మోటారుకు ఎన్.ఆర్.వి. పెట్టినట్టే, ట్యూబుకు చిన్న వాల్వు పెట్టండి. ప్లగ్గుకు వెళ్ళే వైరు కొంత కిందికి వేలాడి పైకి వెళ్ళేట్టు ఉంచితే, కారిన నీటిచుక్క ప్లగ్గులోకి పోకుండా కిందనే రాలుతుంది. చేయి నీళ్ళలో పెట్టేముందు స్విచ్చి ఆపడం పిల్లలకు మొదటి పాఠం కావాలి.

ఏతావాతా చెప్పేదేమంటే, ఒక ఫైటరు చేపకో, పిల్లచేపల తొట్టికో స్పాంజి ఫిల్టరు చాలు. రెండడుగుల తొట్టిలో నాలుగు రకాల చిన్నచేపలు ఉంచుకునేవారు అంచుకు తగిలించేది గాని, పెద్ద స్పాంజి ఉన్న మోటారు ఫిల్టరు గాని తీసుకోండి. కరెంటు తరచు పోయే ఊరైతే రెండు స్పాంజి ఫిల్టర్లే మేలు. గోల్డ్‌ఫిష్ తిండీ ఎక్కువ, పెంటా ఎక్కువ. దానికి పెద్ద తొట్టి, పైన ట్రే ఫిల్టరు, తోడుగా ఒక స్పాంజి కావాలి. నాలుగడుగులు దాటితే పెద్ద ట్రే ఫిల్టరు గాని, డబ్బా ఫిల్టరు గాని. అమ్మకానికి పెంచేవారు ఒకే గాలి పంపు, తొట్టికొక స్పాంజి చొప్పున ఏర్పాటు చేసుకుంటే ఖర్చూ తక్కువ, రోగం ఒక తొట్టి నుంచి మరొకదానికి పాకే భయమూ తక్కువ.

ఆ అక్కగారి దగ్గర మిగిలిన పదకొండు చేపల్లో ఎనిమిది ఆడవి. మోలీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. సంవత్సరం తిరిగేసరికి తొట్లు మళ్ళీ నిండాయి. ఇప్పుడు ఆవిడ ప్రతి తొట్టిలోనూ రెండేసి స్పాంజి ఫిల్టర్లు వాడుతున్నారు. తీసేసిన నీరు పారబోయకుండా మల్లెపొదలకూ వంగమొక్కలకూ పోస్తున్నారు. నైట్రేటు మొక్కకు ఆహారమే గదా. ఉప్పు వేసిన తొట్టి నీరు మాత్రం మొక్కలకు పోయరు. మోటారు మొన్న సంక్రాంతికి ముందు పెట్టించుకున్నారు. నేను వెళ్ళినప్పుడు స్పాంజిని చూపించి, "కడగమంటారా సారూ?" అని నవ్వుతారు. "వద్దండీ" అంటాను.

మీ ఇంటి తొట్టికి ఏది తగునో ఆలోచించి తీసుకోండి. సందేహముంటే కొనకముందే దగ్గరలోని మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి.